చేసి చూసేరాండీ?

ఆయన పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. తెలియగానే ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్ళు మండింది.

మా సైన్సు టీచర్ల గ్రూపులో ఎవరో ఆయన రిటైర్మెంటు నాటి ఫోటో పెట్టారు. మెడలో బంతిపూల దండ, దండ కింద చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న రెండు వైరు ముక్కలు. "సైన్సుకి అంకితమైన మహనీయుడు" అని ఒకరు, "తీరని లోటు" అని ఇంకొకరు, ఆ కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ దండాల మధ్యలోనే ఒక సీనియర్ మాస్టారు ఓ వీడియో పంపారు. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. "గ్రహణం రోజున మాత్రమే రోకలి ఇలా నిలబడుతుంది, పిల్లలకి గురుత్వాకర్షణ వివరించండి, అందరికీ పంపండి" అని కింద రాసి ఉంది.

సిగ్గుండాలి కదా మనుషులకి! ఈ గ్రూపులోనే, ఈ రోకలి వీడియో మీదే ఒక్క ప్రశ్న అడిగినందుకు రెండేళ్ళ కిందట ఆయన్ని తీసేశారు. తీసేసిన చేతులే ఇప్పుడు దండాలు పెడుతున్నాయి. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. నేను తీసెయ్యలేదు. తీసేస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

ఆయన టీచరు కాదు. అమలాపురంలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ల్యాబ్ అటెండరు. పిల్లలందరం బీకరు బాబాయిగారు అనేవాళ్ళం. తొమ్మిది పాసై పదిలో తప్పారు. ఆ మాట ఆయనే చెప్పేవారు, నవ్వుతూ ఏమీ కాదు, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా. మా లెక్చరర్లు బోర్డు మీద రాసి వెళ్ళిపోతే, ఆ రాసింది గాజు గొట్టంలో జరిగేదాకా మా పక్కన నిలబడేది ఆయన. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది, ఏదో ద్రావణం పడి మచ్చ పడిపోయింది. "తెలుసా బాబాయిగారూ?" అని ఏది అడిగినా "తెలీదండి, చూసేనంతే" అనేవారు.

ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నన్ను "అమ్మాయిగారండీ" అనే పిలిచారు. నేను ఐ.పోలవరం మండలంలో ఓ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరినా, నా జుట్టు నెరిసినా, ఆయనకి నేను పిపెట్టు విరగ్గొట్టిన అమ్మాయినే.

టీ కొట్టు దగ్గర ఆయన్ని చూడాలి. గ్లాసు చేతికి రాగానే తాగరు. బల్ల మీద పెట్టి, మోకాళ్ళు వంచి, కళ్ళని టీ మట్టానికి సరిగ్గా తెచ్చి చూస్తారు. ప్రాక్టికల్స్‌లో ద్రావణం కొలిచేటప్పుడు మట్టం అలా చూడాలని మాకు నేర్పింది ఆయనే. ఆ అలవాటు టీకి కూడా అంటుకుపోయింది. కొట్టాయన "ఏం బాబాయిగారూ, తగ్గించేనంటారా?" అని ఎకసెక్కం ఆడితే, "ఆయ్, లేదండి, నిన్నటంతే ఉంది" అని లేచి తాగేవారు.

రిటైరయ్యాక ఆయన రెండు పనులు పెట్టుకున్నారు. ఒకటి, సర్కారు బళ్ళు తిరగడం. బస్సెక్కి, భుజాన గుడ్డసంచీతో దిగి, ల్యాబుల్లో తుప్పు పట్టినవి, తీగలు తెగినవి బాగుచేసి, భోజనం పెడతామన్నా తినకుండా మళ్ళీ బస్సెక్కేవారు. రెండోది ఫోను. కూతురు కొనిచ్చిన ఫోన్లో సైన్సు వీడియోలు చూడటం.

ఎలా చూసేవారంటే, మాట ఆపేసి.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఆయన చెవులు పాడయ్యాయేమో అనిపించింది. "సౌండు పెట్టుకోండి బాబాయిగారూ" అన్నాను.

"ఎందుకండీ? మాట వింటే నమ్మేస్తామండీ. చెయ్యి చూడాలండీ" అన్నారు.

ఆయనకి ఇంగ్లీషు రాదు, అది వేరే సంగతి. తెలుగు వీడియోలు కూడా అలాగే చూసేవారు. చేతులు మొదట్నించీ చివరిదాకా కనపడాలి. మధ్యలో కెమెరా ఆగి మళ్ళీ మొదలైతే "అక్కడ కోసేడండీ" అని వేలు పెట్టి చూపించేవారు. ఎంత వేశాడో కొలత చూపించకపోతే పనికిరాదు. చివర్లో ఏదో కొనమంటే పనికిరాదు. వీడియో కింద జనం ప్రశ్నలు అడిగితే పెట్టినాయన జవాబు రాశాడా లేదా అని నా చేత చదివించుకునేవారు. అన్నిటికంటే ముఖ్యం, తప్పాలి. చేస్తుండగా ఒకసారైనా బెడిసికొట్టి, ఆ బెడిసిన ముక్కని కత్తిరించకుండా ఉంచినవాళ్ళంటే ఆయనకి ప్రాణం. "ఈయన మూడుసార్లు తప్పేడండీ, మంచాయన" అనేవారు, ఎక్కడో పరాయిదేశంలో ఉన్న ఆ ఎర్ర గడ్డం మనిషి తన మేనబావైనట్టు.

మనం ఎలా వెతుకుతాం? నేను చెప్తాను. తెలుగులో సైన్సు ప్రయోగాలు అని కొడతాం. మొదట వచ్చేది నొక్కుతాం. అక్కడ ఒకడు ఉల్లిపాయతో ఫోను ఛార్జింగు పెడుతుంటాడు, ఇంకొకడు నిమ్మకాయతో ఇల్లంతా లైట్లు వెలిగిస్తుంటాడు, మూడోవాడు ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పారంటాడు. వెనక ఢమఢమ సంగీతం. చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు కాబట్టి నిజమే అయ్యుంటుందని పిల్లలకి పంపేస్తాం. ఆరో నిమిషంలో ఏముందో మనకే తెలీదు, ఎందుకంటే మనం రెండో నిమిషంలో ఆపేశాం. నిజంగా చెప్పేవాళ్ళు లేక కాదు. ఉన్నారు, వాళ్ళు గట్టిగా అరవరు, అందుకని కిందెక్కడో ఉంటారు. అంత కిందకి వెళ్ళే ఓపిక మనకి లేదు. పదో తరగతి తప్పిన మనిషికి ఉంది.

ఆ కింద దొరికినవన్నీ ఆయన ఒక ప్రాక్టికల్ రికార్డు పుస్తకంలో ఎక్కించుకునేవారు. పాత స్టాకులో మిగిలిన పుస్తకం, ఒకవైపు గీతలు, ఒకవైపు బొమ్మకి తెల్లకాగితం. గీతల వైపు వీడియో వివరం, దాని అడ్రసు. ఆ అడ్రసు అక్షరాలు ఆయనకి చదవడం రాదు. పెద్దక్షరం పెద్దగా, చిన్నక్షరం చిన్నగా, బొమ్మ గీసినట్టు పెన్సిలుతో గీసుకునేవారు. నేను వాటిని ఫోన్లో కొట్టి చూస్తే ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. తెల్లకాగితం వైపు తను చేసినప్పుడు ఏం జరిగిందో ఉండేది. చెయ్యనిది ఆ పుస్తకంలోకి ఎక్కదు. "ఉల్లిపాయ, ఫోను: అబద్ధం. మధ్యాన్నం అంతా చూసేను. ఇంట్లో ఆవిడ తిట్టేరు" అని ఒక పేజీ. పిల్లలు ఫోన్లోనే వైర్లు కలిపి బల్బులు వెలిగించుకునే బొమ్మల ప్రయోగం ఒకటి ఉంది, అది నేనే చూపించాను. దాని కింద: "చాలా మంచిది. కానీ ఇందులో వైరు వేడెక్కదు."

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి నాకేమీ బాగోలేదు.

కరోనా వచ్చి బడి మూసేసిన ఏడాది. పాఠాలన్నీ ఫోన్లో. ఎనిమిదో తరగతికి ద్రావణాల్లో కరెంటు ఎలా ప్రవహిస్తుందో చెప్పాలి. నేను ఓ వీడియో వెతికి పంపాను. గ్లాసులో మామూలు నీళ్ళు, రెండు మేకులు, బ్యాటరీ, చిన్న ఎల్ఈడీ బల్బు. వెలగదు. నీళ్ళలో ఉప్పు వేస్తే వెలుగుతుంది. చక్కగా ఉంది, మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో చేసి, చూసింది రికార్డులో రాయండి అన్నాను.

బడి తెరిచాక రికార్డులు దిద్దుతున్నాను. అందరూ "మామూలు నీళ్ళలో బల్బు వెలగలేదు" అని రాశారు. ఒక్క అమ్మాయి మాత్రం "మామూలు నీళ్ళలోనే బల్బు వెలిగింది. ఉప్పు వేశాక ఇంకా ఎక్కువ వెలిగింది" అని రాసింది. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఆయన కూతురు. నేను ఎర్రకలంతో ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, "వీడియో సరిగా చూడుము" అని రాశాను. చూడుము అట! ఆ గీత కొట్టడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు.

మర్నాడో మూడోనాడో బాబాయిగారు మా బడికి వచ్చారు, కాలిపోయిన బ్యాటరీ ఎలిమినేటరు బాగుచెయ్యడానికి. స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఆ రికార్డుల కట్ట ఉంది. రికార్డు కనపడితే ఆయన చెయ్యి ఆగదు, ఉద్యోగమంతా అదే పని కదా. తిరగేస్తూ తిరగేస్తూ ఒక చోట ఆగారు.

"అమ్మాయిగారండీ, ఇది ఎందుకు కొట్టేసేరండీ?"

"తప్పు కదా బాబాయిగారూ. మామూలు నీళ్ళలో వెలగదు. వీడియోలో కూడా ఉంది."

"వీడియోలో ఆయనవి ఏ ఊరి నీళ్ళండీ?"

నేను ఇంకో రికార్డు అందుకున్నాను.

"చేసి చూసేరాండీ?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది, తిరిగి కోప్పడేదాన్ని. లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను చెయ్యలేదని చెప్పాను. "ఆయ్" అన్నారు. లేచి, స్టాఫ్‌రూమ్ స్టీలు గ్లాసు పక్కన పెట్టేసి గాజుగ్లాసు తీసుకుని, బడి బోరు దగ్గరికెళ్ళి పట్టుకొచ్చారు. సంచీలోంచి బ్యాటరీ, జేబులోంచి ఎల్ఈడీ, రెండు మేకులు. ముంచారు.

వెలిగింది. పగటి వెలుతుర్లో కూడా కనపడేంత ఎర్రగా వెలిగింది.

వెలగదా మరి! సముద్రం పక్కన ఊరు. చుట్టూ రొయ్యల చెరువులు. ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయని నేను చేరిన మొదటిరోజే మొహం చిట్లించాను, ఇంటి దగ్గర్నించి సీసాతో నీళ్ళు తెచ్చుకుంటున్నాను. నాలిక్కి తెలిసిన సంగతి నా ఎర్రకలానికి తెలీలేదు. మిగతా ముప్ఫైమంది పిల్లల ఇళ్ళలోనూ అవే నీళ్ళు. అంటే వాళ్ళు చెయ్యలేదు, లేదా చేసి, వెలిగింది చూసి, నాకు భయపడి వెలగలేదని రాశారు. నిజం రాసిన ఒక్క పిల్లనీ నేను కొట్టేశాను.

బాబాయిగారు నా ఫోన్లో ఆ వీడియో పెట్టించుకుని మాట ఆపేసి చూశారు. "ఇదుగోనండి, ఇక్కడ కోసేడు. ముందు గ్లాసుకి అంచు దగ్గర గీత ఉంది. తర్వాత గ్లాసుకి లేదు." నేను ఆ వీడియో మూడుసార్లు చూశాను, నాకు ఆ గ్లాసులే కనపడలేదు.

తర్వాత వారం ఆయన మూడు సీసాలతో దిగారు. ఒక్కోదానికి కాగితం అంటించి, ఊరూ వారమూ రాసి ఉన్నాయి. ఒకటి కొత్తపేట కాలవ నీళ్ళు, దానికోసం ప్రత్యేకంగా బస్సెక్కి వెళ్ళారు. ఒకటి వాన నీళ్ళు, "పెంకుల మీంచి కాదండీ, గిన్నె కడిగి మేడ మీద పెట్టేను, నేరుగా పైనించి పడ్డాయే" అని చెప్పారు. మూడోది ఖాళీ సీసా, మా బోరు నీళ్ళకి. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతా చేయించారు. బోరు నీళ్ళలో వెలిగింది. వాన నీళ్ళలో వెలగలేదు. కాలవ నీళ్ళలో వెలగలేదని పిల్లలు అరిచారు.

"తొందరపడకండమ్మా. చెయ్యి అడ్డం పెట్టి చూడండి" అన్నారాయన. పిల్లలు అరచేతులు దొన్నెలా పట్టి ఒంగి చూశారు. ఉంది, గుడ్డిగా ఉంది. "ఒరేయ్, ఉందిరా!" అని ఒకడు గంతేశాడు.

కొట్టేసిన అమ్మాయి వరసలో చివర నిలబడి ఉంది. తన వంతు వచ్చినప్పుడు బల్బు వంక చూడలేదు. నా వంక చూసింది. "నేను ముందే రాసేను కదండీ" అంది, చాలా నెమ్మదిగా.

పిల్లలు వెళ్ళాక బాబాయిగారు సంచీ సర్దుకుంటూ అన్నారు, "ఎర్రసిరా చెరగదండీ. చెరపక్కర్లేదు కూడానండి. పక్కన రాసెయ్యండి."

"ఏం రాయమంటారు?"

"అమ్మాయి చూసింది నిజం, నేను కొట్టేసేను, తప్పు నాది అని రాసి సంతకం పెట్టండి. అంతేనండి."

ఎంత తేలిగ్గా అన్నారో! ఎనిమిదో తరగతి పిల్ల రికార్డులో, పదిహేనేళ్ళ సర్వీసున్న నేను తప్పు నాది అని రాసి సంతకం పెట్టాలి. రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి తిరగేస్తే? తల్లిదండ్రులు చూస్తే? ఆ గీత పక్కన ఓ టిక్కు మార్కు పెట్టి ఊరుకున్నాను. టిక్కు పెట్టాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ పిల్ల గొడవేమీ చెయ్యలేదు. "టిక్కు పెట్టేరు కదండీ, చాలండి" అంది. కానీ తర్వాతి ప్రయోగం రికార్డు చూస్తే అచ్చు వీడియోలో ఉన్నదే ఉంది, పొల్లు పోకుండా. దాని తర్వాతదీ అంతే. ఒకరోజు పిలిచి, చేశావా అని అడిగాను. "చెయ్యలేదండి. వీడియోలో ఉన్నట్టే రాసేనండి. అలాగైతే కొట్టెయ్యరు కదండీ" అంది. వెక్కిరింపు కాదు, మర్యాదగానే చెప్పింది. నా చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. పది పాసయ్యాక సైన్సు గ్రూపు వద్దంది. ఇప్పుడు రామచంద్రపురంలో బీకాం చదువుతోంది. బీకాం తక్కువని నేను అనను. తనంతట తను అటు వెళ్ళిందా, నేను తోసేశానా అన్నదే నా బాధ.

బాబాయిగారు కనపడ్డ ప్రతిసారీ అడిగేవారు, "ఆ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని. రాశారా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆయన అడక్కపోవడమే నాకు పెద్ద శిక్ష.

ఆ అపరాధం తీర్చుకోవాలనే ఏమో, ఆయన్ని మా సైన్సు టీచర్ల గ్రూపులో నేనే చేర్పించాను. ఆయన దగ్గరున్న మంచి వీడియోల పట్టిక అందరికీ పనికొస్తుందని చెప్పాను. ఆయన సంబరపడి రికార్డు పేజీలు ఫోటోలు తీసి పెట్టడం మొదలెట్టారు. ఒక్కరు తెరిచి చూస్తే ఒట్టు. అది సరే. ఆయన ఇంకో పని కూడా చేశారు. ఎవరు ఏ వీడియో పంపినా కింద గౌరవంగా ఒక్క ముక్క పెట్టేవారు: "చేసి చూసేరాండీ?"

మొదట్లో నవ్వారు. తర్వాత చిరాకుపడ్డారు. అంతలో గ్రహణం వచ్చింది, రోకలి వీడియో వచ్చింది. ఫిజిక్సు పీజీ చేసిన పెద్దమనుషులు, సూర్యచంద్రులు ఒకే గీత మీదికి వచ్చి రోకలిని పైకి లాగుతాయని వివరణలు రాస్తున్నారు. బాబాయిగారు ఓ ఫోటో పెట్టారు. వాళ్ళ పెరట్లో, పళ్ళెంలో, నిక్షేపంలా నిలబడ్డ రోకలి. కింద: "ఈరోజు మంగళవారం అండి. గ్రహణం లేదండి. అడుగు చదునుగా ఉంటే రోజూ నిలబడతాదండి. తమరు మామూలు రోజు చేసి చూసేరాండీ?"

గ్రూపు పెద్ద ఒక గంట ఆగి రాశారు, "ఈ గ్రూపు ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించబడినది. ఇతరులు దయచేసి గమనించగలరు." ఆ కిందే ఫలానా నంబరు తొలగించబడిందన్న చిన్న బూడిదరంగు అక్షరాలు. ఇతరులట! ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ప్రయోగాలు చేయించిన మనిషి ఇతరులు, ఆ ముప్ఫై ఏళ్ళలో గాజుగొట్టం ముట్టుకోనివాళ్ళు ఉపాధ్యాయులు. ఆ ముక్క అప్పుడే రాయాల్సింది. టైపు చేశాను కూడా. పదోన్నతుల జాబితా వచ్చే రోజులు, గ్రూపు పెద్దకి పైన పలుకుబడి ఉంది. చెరిపేశాను.

ఆయన పోయిన నాలుగోరోజు వాళ్ళింటికి వెళ్ళాను. పిన్నిగారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. గ్రూపులోంచి తీసేసిన సంగతి నేనే ఎత్తాను, దాచుకోలేక.

"ఆ రోజు బాధపడి అన్నం మానేసేరనుకుంటున్నావేమో అమ్మా. శుభ్రంగా తిన్నారు. తిని, వెళ్ళి ఆ రోకలి మళ్ళీ నిలబెట్టేరు" అన్నారావిడ. "నెల్లాళ్ళు, రోజూ నిలబెట్టి రాసుకునేవారు. నాకు కారం దంచుకుందావంటే రోకలి దొరికేది కాదు." కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. లోపలికెళ్ళి రికార్డు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఇది నీకిమ్మన్నారు. ఆ అమ్మాయిగారికి పనుంది ఇందులో అన్నారు. ఏం పనో నాకు తెలీదమ్మా."

బస్సులో తెరిచాను. రికార్డు పుస్తకం కాబట్టి ప్రతి పేజీ అడుగునా "అధ్యాపకుని సంతకం" అని అచ్చువేసి, పక్కన చోటు ఉంది. అన్ని పేజీల్లోనూ ఆ చోటు ఖాళీయే. అటెండరు రికార్డు మీద ఎవరు సంతకం పెడతారు?

ఐ.పోలవరం బోరు నీళ్ళ పేజీ దొరికింది. గ్లాసు, మేకులు, బల్బు బొమ్మ. "వెలిగింది. ముందు చూసింది: ఎనిమిదో తరగతి అమ్మాయి. నేను తర్వాత చూసేను." దాని అడుగున, అధ్యాపకుని సంతకం దగ్గర, పెన్సిలుతో చిన్న గుర్తు. కాలేజీలో మా రికార్డులు లెక్చరరు దగ్గరికి పట్టుకెళ్ళేముందు, ఎక్కడ సంతకం చెయ్యాలో తెలియడానికి ఆయన అలాగే గుర్తు పెట్టేవారు. పుస్తకం మొత్తం తిరగేశాను. ఆ గుర్తు ఇంకే పేజీలోనూ లేదు.

ఎదురు సీట్లో ఆవిడ "ఏమైందండీ?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. బస్సు కుదుపులకి అక్షరాలు వంకర పోతాయని ఆగలేదు. ఐదేళ్ళు ఆగింది చాలు. ఎర్రకలం తీసి రాశాను: "అమ్మాయి చూసింది నిజం. నేను కొట్టేశాను. తప్పు నాది." పేరు, హోదా, బడి, తేదీ. సంతకం.

ఇంటికి వచ్చి ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆ రోకలి వీడియో కిందే పెట్టాను. "దండాలు ఆపి ఇది చదవండి. ఈయన్ని మనం ఇతరులు అని బయటికి పంపాం. పంపుతుంటే నేను నోరు మూసుకున్నాను. మీరు మొన్న పంపిన రోకలి, మామూలు రోజు చేసి చూసేరాండీ?" అని రాశాను. చెరపలేదు.

వెంటనే ఏడు దండాలు వచ్చాయి. చదవకుండానే పెట్టారు, మహానుభావులు. గ్రూపు పెద్ద "మేడమ్, సంయమనం పాటించగలరు" అన్నారు. ఇక తీసేస్తారనుకుంటూ ఉండగా ఎవరో కొత్త నంబరు, కొత్తపేట వైపు ఈ ఏడాదే చేరిన టీచరట, రాశాడు: "మేడమ్, ఇప్పుడే మా బళ్ళో చేసి చూసేనండి. కుళాయికి కాలవ నీళ్ళే వస్తాయండి. మాకు వెలగలేదండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కడు చేశాడు! "చెయ్యి అడ్డం పెట్టి చూడండి" అని రాశాను.

రెండు నిమిషాలు.

"ఆయ్. ఉందండి. గుడ్డిగా ఉంది."

ఆ పేజీ ఇంకొకరికి కూడా పంపాను. వాళ్ళ నాన్న దగ్గర నంబరు అడిగి తీసుకుని, రామచంద్రపురం అమ్మాయికి. చూసినట్టు గీతలు నీలంగా మారాయి. జవాబు లేదు. ఆ రోజంతా లేదు. ఎందుకివ్వాలి, నేనెవర్ని అనుకున్నాను. మర్నాడు బళ్ళో ప్రార్థన జరుగుతుంటే వచ్చింది.

"బాబాయిగారు ఆ సీసాల రోజే వెళ్తూ చెప్పేరండి నాకు. మేడమ్ గారు తప్పకుండా రాస్తారమ్మా, కొంచెం టైం పడుద్దంతే అన్నారండి."

ఐదేళ్ళు. కొంచెం టైమట!